అడవిపందికి తూటా, అడవిదారికి రుసుము

పోయిన నెల ఈ పత్రికలో జాతీయ పార్కుల నిర్వహణ గురించి వచ్చిన వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. పంటలు పోతున్నాయి కాబట్టి వేటకు అనుమతి ఇవ్వాలని కొందరు, అడవిలో అడుగు పెట్టడానికి కూడా డబ్బు కట్టించుకోవడం ఏమిటని కొందరు, అమెరికాలో ఇదంతా ఎలా నడుస్తుందో చెప్పమని మరికొందరు అడిగారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, వాటిలో సూటిగా ఉన్నదానికి జవాబు రాస్తున్నాను. అటవీశాఖలో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక నా జవాబులకు ఆ శాఖ వాసన కొంత అంటుకుని ఉండవచ్చు. అది తగిలిన చోట పాఠకులు మొహమాటం లేకుండా ఎత్తిచూపాలని మనవి.

ప్రశ్న: నాలుగెకరాల్లో మొక్కజొన్న వేశాను. కంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు వచ్చి రెండు రాత్రుల్లో ఎకరానికి పైగా పడగొట్టాయి. అటవీశాఖ వారిని అడిగితే పరిహారానికి దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. మా తాతల కాలంలో ఊళ్లో తుపాకీ ఉన్నవాళ్లు కాల్చి అవతల పారేసేవారట. ఇప్పుడు పందిని ముట్టుకుంటే జైలంటున్నారు. పులికీ పందికీ ఒకటే చట్టమా?
– ఒక రైతు, ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: చట్టం ఒకటే గాని, అందులో పులికి రాసినదీ పందికి రాసినదీ ఒకటి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్‌లో వేటను నిషేధించి, 11వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు ఇచ్చింది. పులి, చిరుత, ఏనుగు, ఎలుగుబంటి వంటివి మొదటి షెడ్యూలులో, అంటే చట్టం చివరనున్న మొదటి పట్టికలో ఉన్నాయి. అవి మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారినప్పుడో, కోలుకోలేనంత జబ్బునో గాయాన్నో మోస్తున్నప్పుడో మాత్రమే, అదీ మత్తుమందు ఇచ్చి పట్టుకోవడానికీ వేరేచోటికి తరలించడానికీ వీలు లేదని తేలిన తరువాతనే, రాష్ట్రంలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తే చంపవచ్చు. అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. దాని విషయంలో ప్రాణంతో పాటు ఆస్తి నష్టం కూడా కారణంగా పనికివస్తుంది. ఆస్తి అంటే చేలో నిలిచి ఉన్న పంట కూడానని చట్టంలోనే రాసి ఉంది. పైగా ఆ ఉత్తర్వు చీఫ్ వార్డెనే ఇవ్వనక్కర లేదు, ఆయన అధికారం అప్పగించిన అధికారి కూడా ఇవ్వవచ్చు. కాబట్టి పందిని ముట్టుకోకూడదని చట్టం అనడం లేదు. ముట్టుకోవాలా వద్దా అన్నది చేను పోయి కడుపు మండుతున్న మనిషి అర్ధరాత్రి ఒంటరిగా తేల్చుకోవద్దని మాత్రం అంటున్నది.

మీ కడుపుమంట నాకు తెలియనిది కాదు. పంది పడిన మొక్కజొన్న చేనులో తెల్లవారుజామున నిలబడి చూశాను. దంట్లన్నీ ఒకే వైపుకు వాలి ఉంటాయి, ఒక్కో కంకిని సగం కొరికి పక్కదానికి పోయిన గుర్తులు కనిపిస్తాయి, తిన్నదానికంటె తొక్కి పాడుచేసినదే ఎక్కువ ఉంటుంది. వేరుశనగ చేనైతే ఎవరో అడ్డదిడ్డంగా నాగలి కట్టి దున్నినట్టు మట్టి తిరగబడి ఉంటుంది. మంచె మీద పడుకుని డబ్బాలు మోగించినా, గట్ల చుట్టూ పాతచీరలు కట్టినా, మంగలిషాపుల నుంచి వెంట్రుకలు తెచ్చి చల్లినా నాలుగైదు రాత్రులు వెనకాడి, ఆరో రాత్రి మళ్లీ దిగుతాయి.

ఇక మీరు అడగకపోయినా అందరి మనసులో ఉన్న ప్రశ్న, మూకుమ్మడిగా కాల్చేస్తే పీడ వదలదా అన్నది. ఆ ప్రయోగం ఈ దేశంలో జరిగింది. చట్టంలోని 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం ఒక ప్రాంతంలో, ఒక గడువు వరకు ఒక జంతువును హానికర జంతువుగా ప్రకటించవచ్చు. అప్పుడు ఆ జంతువుకు రక్షణ ఉండదు. 2015 డిసెంబరులో బిహార్‌లోని కొన్ని జిల్లాలలో మనుబోతులనూ అడవిపందులనూ, 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపందులనూ, హిమాచల్‌లోని సిమ్లాలో కోతులనూ అలా ప్రకటించారు. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామా ప్రాంతంలో కొద్ది రోజుల్లోనే రెండు వందలకు పైగా మనుబోతులను కాల్చారు. ఆ తుపాకులు పట్టినవారు మన హైదరాబాదు నుంచి వెళ్లినవారే. అప్పుడు కేంద్ర మంత్రివర్గంలోనే మేనకా గాంధీ గారు ఒకవైపు, పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ గారు మరోవైపు బహిరంగంగా మాటలు విసురుకున్నారు. కేరళ వారు 2022లో ఇంకో దారి పట్టి, పంచాయతీ అధ్యక్షులకే గౌరవ వైల్డ్‌లైఫ్ వార్డెన్ హోదా ఇచ్చి, పంటల మీద పడే పందులను లైసెన్సు ఉన్నవారి చేత కాల్పించే అధికారం అప్పగించారు. నిర్ణయాన్ని ఊరి దగ్గరకు తేవడం అనే ఆ పద్ధతి నాకు బిహార్ పద్ధతి కంటె నచ్చింది. అక్కడ సంతకం పెట్టినవారి పేరు ఊళ్లో అందరికీ తెలుస్తుంది, తప్పు జరిగితే అడగడానికి మనిషి ఎదురుగా ఉంటాడు.

అయినా తూటా ఒక్కదాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఆడపంది ఒక్క ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లలను పెడుతుంది. ఒక మందను కాలిస్తే, పంట అలాగే ఉంది కనుక ఖాళీ అయిన చోటికి పక్క మంద వస్తుంది. మీ చేనుకు అలవాటు పడిన మందను, పంట చేతికొచ్చే ఆ మూడు నాలుగు వారాలలో, కంచెతో పాటుగా ఎదుర్కొంటే ఫలితం ఉంటుంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు దగ్గర దగ్గరగా వేయమని చెప్పారు. అది ఖర్చు తక్కువ పని, గింజ కూడా చేతికి వస్తుంది. సోలార్ కంచె ఇంకా మేలు గాని, దాని కింద పెరిగే గడ్డిని ఎప్పటికప్పుడు కోయకపోతే తీగలో కరెంటు నేలకు పోతుంది. చాలా ఊళ్లలో ఈ చిన్న పని చేయకనే కంచె పనిచేయదన్న పేరు వచ్చింది.

ఒక్కటి మాత్రం ఎన్ని కష్టాలున్నా చేయవద్దు. లైను మీద నుంచి కొక్కెం తగిలించి, చేను చుట్టూ జి.ఐ. తీగకు నేరుగా కరెంటు ఇవ్వకండి. తీగకు పంది ఏదో, తెల్లవారకముందే మోటారు వేయడానికి వచ్చే పక్కచేను రైతు ఎవరో తెలియదు. దానికి పులి తగిలితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. మనిషి తగిలితే అది వేరే కేసు.

ప్రశ్న: అనుమతి తీసుకుని కాల్చిన అడవిపంది మాంసం వండుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వండుకోకూడదు. 11వ సెక్షన్ కింద చంపిన జంతువు 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అటవీ సిబ్బంది సమక్షంలో పూడ్చడమో కాల్చడమో చేస్తారు. మంచి మాంసం మట్టిపాలు చేయడం ఏమిటని మా సిబ్బందే నన్ను అడిగేవారు. మాంసానికి ధర పలకడం మొదలైతే చేను నష్టపోని ఊరి నుంచి కూడా దరఖాస్తులు వస్తాయి.

ప్రశ్న: అమెరికాలో జాతీయ పార్కుల్లోనే వేటకు లైసెన్సులు ఇస్తారనీ, ఆ డబ్బుతోనే అక్కడి అడవులు బతుకుతున్నాయనీ చదివాను. అక్కడ జంతువులు తగ్గిపోలేదు కదా. మన దగ్గర ఎందుకు ఇవ్వకూడదు?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీరు చదివినదానిలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో విడదీసి చూద్దాం.

1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్‌లో 1894 నుంచి వేట నిషేధం. అమెరికా జాతీయ పార్కులలో సాధారణ నియమం కూడా అదే. ఏదైనా ఒక చోట వేట జరగాలంటే ఆ సంగతి వారి పార్లమెంటు చట్టంలో రాసి ఉండాలి. 1950లో గ్రాండ్ టీటన్ పార్కును విస్తరించినప్పుడు అలా రాశారు. అక్కడ ఎల్క్ అనే పెద్ద దుప్పుల మందను అవసరమైన ఏడాది తగ్గించడానికి, రాష్ట్ర లైసెన్సు ఉన్న వేటగాళ్లను తాత్కాలిక రేంజర్లుగా నియమించి లోపలికి పంపుతారు. వాళ్లు సీసం లేని తూటాలే వాడాలి, ఎలుగు ఎదురుపడితే చల్లడానికి మిరపఘాటు స్ప్రే వెంట ఉంచుకోవాలి. వేటగాడిని వేటగాడి పేరుతో కాకుండా రేంజరు పేరుతో లోపలికి పంపడంలోనే అక్కడి చర్చ ఎంత సున్నితమైనదో తెలుస్తుంది.

దాని వెనుక ఒక పాత కథ ఉంది. ఎల్లోస్టోన్‌లో 1920ల నాటికి తోడేళ్లను పూర్తిగా చంపివేశారు. తినేవాడు పోయాక ఎల్క్‌లు పెరిగి, లేత చెట్లను మొదలంటా మేసేశాయి. దాంతో రేంజర్లే తుపాకులు పట్టి, 1961-62 చలికాలంలో 4,000కు పైగా ఎల్క్‌లను కాల్చారు. కాల్చేపని మాకే అప్పగించవచ్చు కదా అని వేటగాళ్లు, అసలు కాల్చడమే ఏమిటని మిగతా జనం గోల చేశారు. ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. 1963లో వచ్చిన ఆ నివేదిక జంతువుల సంఖ్యను అదుపులో ఉంచడం పార్కు నిర్వహణలో భాగమేనని చెబుతూనే, దాన్ని సరదా వేటగా మార్చవద్దని చెప్పింది. చివరకు 1995, 1996లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలారు. పార్కు సరిహద్దు దాటిన తోడేలును కాల్చవచ్చా లేదా అన్న గొడవ ఇవాళ్టికీ తీరలేదు.

ఇక గ్రాండ్ కాన్యన్ సంగతి చూడండి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పశువులతో సంకరం చేయాలని ఒక వ్యాపారి ఆ పీఠభూమికి బైసన్‌లనే అమెరికా అడవిదున్నలను తోలుకొచ్చాడు. వ్యాపారం సాగలేదు గాని అవి అక్కడే నిలిచిపోయాయి. పార్కు బయట వేట ఉంది, లోపల లేదు. ఆ తేడా అవి త్వరగానే కనిపెట్టి లోపలికి చేరి, నీటిగుంటలను బురద చేసి, పచ్చికను తొక్కివేశాయి. 2021లో పార్కువారు కొన్నిటిని కాల్చడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చేవారు కావాలని ప్రకటిస్తే 45,000 మందికి పైగా దరఖాస్తు చేశారు. లాటరీ తీసి, గురి పరీక్ష పెట్టి తీసుకున్నది 12 మందిని. తిరుమల లక్కీడిప్‌లో సేవా టికెట్టు తగలడమే సులువేమో అనిపిస్తుంది. ఎనిమిది వేల అడుగుల ఎత్తున, బండి లేకుండా నడిచి వెళ్లి, కొట్టిన జంతువును అక్కడే కోసి మాంసం భుజాన మోసుకు రావాలి. ఇంత చేస్తే వాళ్లు చంపగలిగినవి నాలుగు. అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ బైసన్‌లను పార్కువారు ప్రాణాలతోనే పట్టి, అమెరికా మూలవాసి తెగలకు అప్పగించారు.

డబ్బు మాటకొస్తే, 1937 నాటి ఒక చట్టం ప్రకారం అమెరికాలో వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు పంచుతారు. లైసెన్సుల డబ్బు కూడా రాష్ట్రాలకే చేరుతుంది. ఆ శాఖలు దాని మీదనే చాలావరకు నడుస్తాయన్నది నిజం. జాతీయ పార్కులు నడిచేది మాత్రం ప్రధానంగా కేంద్ర బడ్జెట్టు మీద, ఆపైన సందర్శకుల టికెట్ల మీద. మీరు ఈ రెండిటినీ కలిపి చదివారు.

మన జాతీయ పార్కులలో 35వ సెక్షన్ ఇంకా గట్టిది. పార్కులోని వన్యప్రాణుల మేలుకోసమేనని రాష్ట్ర ప్రభుత్వం జాతీయ వన్యప్రాణి మండలిని సంప్రదించి నిర్ధారించుకుంటే తప్ప, ఒక్క జంతువును కూడా అక్కడి నుంచి తొలగించడానికి వీల్లేదు. పశువులను మేపడం కూడా నిషేధమే. వేటగాడికి టికెట్టు ఇచ్చే వెసులుబాటు అందులో లేదు, ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే మన పార్కు దాటగానే వచ్చేది ఊరు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఈ ఏడాది వేసవిలో మేమిద్దరం వెళ్లినప్పుడు ఎల్లోస్టోన్ చూపించాడు. కారుకు 35 డాలర్ల టికెట్టు కాకుండా, మా ఇద్దరికీ తలకు మరో వంద డాలర్లు కట్టించుకున్నారు. గ్రీన్‌కార్డు ఉన్నందుకు కొడుక్కీ కోడలికీ లేదు. ఇది వివక్ష కాదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు కట్టినది 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన అదనపు రుసుము. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ, జయన్ సహా 11 పార్కులలో అమెరికాలో నివాసం లేని ఒక్కొక్కరి నుంచి వంద డాలర్లు అదనంగా తీసుకుంటున్నారు. ఏడాది పాస్ అక్కడివారికి 80 డాలర్లు, బయటివారికి 250. ఇది పెట్టినప్పుడు అమెరికాలోనే రెండు రకాల వాదనలు వినిపించాయి. పన్నులు కట్టి పార్కులను పోషించేది మేము కాబట్టి చూడటానికి వచ్చేవారు ఎక్కువ ఇవ్వాలని ఒకటి. గేటు దగ్గర ప్రతి కారునూ ఆపి ఎవరు ఎక్కడివారని గుర్తింపు కార్డులు అడిగే పని రేంజరుది కాదని మరొకటి. సందర్శకులు తగ్గితే పార్కుల చుట్టూ ఉన్న చిన్న ఊళ్లలోని హోటళ్లు నష్టపోతాయన్న భయం కూడా ఉంది.

వివక్ష అంటారా, మన తాజ్‌మహల్ గేటు దగ్గర మనకు 50 రూపాయలు, విదేశీయులకు 1,100. మన పులుల రిజర్వులలో సఫారీకి కూడా రెండు ధరలు ఉంటాయి. కాబట్టి మీ రెండు వందల డాలర్ల బాధ న్యాయమైనదే అయినా, అమెరికావాడిని తప్పుపట్టే హక్కు మనకు కాస్త తక్కువే.

రుసుము ఎంత అన్నదాని మీద జరిగే గొడవలో ఆ డబ్బు ఏమవుతుందన్న ప్రశ్న మరుగున పడుతుంది. అమెరికాలో 2004 చట్టం ప్రకారం గేటు దగ్గర వసూలైన దానిలో కనీసం 80 శాతం ఆ పార్కులోనే ఖర్చు పెట్టాలి. అయినా 2017లో పదిహేడు పెద్ద పార్కులలో రద్దీ నెలలకు కారు టికెట్టును 70 డాలర్లు చేస్తామన్నప్పుడు లక్షకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. మరుసటి ఏడాది ఆ ఆలోచన మానుకుని, అయిదేసి డాలర్లు పెంచి ఊరుకున్నారు. పేదవాడు తన దేశపు కొండను చూడలేకపోతాడన్న మాటకు అక్కడి జనం అంత బలంగా స్పందించారు. మన చట్టంలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. 2006 సవరణతో వచ్చిన 38-ఎక్స్ సెక్షన్ కింద ప్రతి పులుల రిజర్వుకూ ఒక సంరక్షణ ఫౌండేషన్ ఉండాలి. గేటు దగ్గర వచ్చిన రుసుమును తిరిగి ఆ రిజర్వుకూ, చుట్టుపక్కల ఊళ్లకూ ఖర్చుపెట్టడం దాని పనుల్లో ఒకటి. మీరు ఈ ఫౌండేషన్ లెక్కలు చూపమని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని.

ప్రశ్న: శ్రీశైలం వెళ్లేది దేవుడి దర్శనానికి. రోడ్డు ప్రభుత్వానిది. దారిలో అటవీ చెక్‌పోస్టు దగ్గర వాహనానికి డబ్బు కట్టమనడం, రాత్రి తొమ్మిది దాటితే ఆపివేయడం ఏ న్యాయం?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: మీ వాదనలో ఒక పాయింటు ఉంది. అభయారణ్యంలో ప్రవేశానికి పర్మిట్ కావాలని చెప్పే 27వ సెక్షనే, అందులోంచి పోయే ప్రజా రహదారి మీద ప్రయాణించేవారిని మినహాయించింది. కాబట్టి మీ దగ్గర తీసుకునేది అడవిలో ప్రవేశానికి కాదు, పరిసరాల నిర్వహణ పేరుతో. రశీదు తప్పకుండా అడగండి. రశీదు లేకుండా చేయిచాపే వ్యక్తికి రూపాయి కూడా ఇవ్వవద్దు.

నిర్వహణకు మాత్రం ఖర్చు ఉంది. ఘాటు మలుపుల దగ్గర కారు ఆపి కోతులకు అరటిపండ్లు, బిస్కట్లు వేయడం పుణ్యమని మనవాళ్ల నమ్మకం. ఆ కవరు అక్కడే పడుతుంది. దానికి అంటుకున్న ఉప్పు కోసం, తీపి కోసం దుప్పి దాన్ని నమిలి మింగుతుంది. చచ్చిన దుప్పి పొట్ట కోసినప్పుడు అందులోంచి ముద్దగా చుట్టుకున్న కవర్లు తీయడం చూశాను. చిప్స్ ప్యాకెట్టు మీద పేరు కూడా చెరిగిపోలేదు. తిండి కోసం రోడ్డుకు అలవాటు పడిన కోతి లారీ కింద పడుతుంది. రాత్రి ఆపడం కూడా ఇందుకే: చీకటి పడితే రోడ్డు దాటే జంతువుల లెక్క పెరుగుతుంది, హెడ్‌లైటు వెలుగులో దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. మల్లన్న దర్శనం తెల్లవారాక కూడా దొరుకుతుంది.

ప్రశ్న: పాకిస్తాన్‌లో ఒక్క మేకను వేటాడటానికి విదేశీయుడు లక్ష డాలర్లు ఇస్తాడట. నమీబియాలో ఊళ్లు ఆ డబ్బుతో బాగుపడ్డాయట. మన దేశంలో కూడా ముసలి జంతువులను అలా వేలం వేస్తే రైతులకు పరిహారం ఇవ్వవచ్చు కదా?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మీరు చెప్పిన రెండూ నిజమే. పాకిస్తాన్ ఉత్తర కొండలలో మార్ఖోర్ అనే మెలికల కొమ్ముల అడవిమేకకు ఏటా కొద్ది పర్మిట్లే వేలం వేస్తారు, వచ్చినదానిలో 80 శాతం ఆ లోయలోని ఊళ్లకు చేరుతుంది. నమీబియాలో 1996 చట్టంతో ఊళ్లే సంఘాలుగా ఏర్పడి తమ నేలమీది జంతువుల మీద హక్కు పొందాయి. మరోవైపు కెన్యా 1977లోనే వేట మానేసి పర్యాటకుల మీద ఆధారపడింది. బోట్స్వానా 2014లో మానేసి, ఏనుగులు పంటల మీద పడుతున్నాయన్న ఊళ్ల ఒత్తిడితో 2019లో మళ్లీ తెరిచింది. 2015లో జింబాబ్వేలో హ్వాంగే పార్కు బయట సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ దంతవైద్యుడు చంపినప్పుడు ప్రపంచమంతా మండిపడింది. ఆ మండిపడినవారిలో సింహం పక్కన కాపురం ఉన్నవారు తక్కువ.

మన దేశంలో ఇది కొత్త కాదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీ వేటగాళ్ల దగ్గర డాలర్లు తీసుకుని పులిని చూపించే షికారు కంపెనీలు ఉండేవి. ఆ డబ్బు కంపెనీకీ ఖజానాకీ పోయింది. పులి ఎద్దును ఎత్తుకుపోయిన రైతుకు రాలేదు. 1970లో పులివేట నిషేధించి, 1972లో లెక్కపెడితే మిగిలినవి 1,827. వేట లేని యాభై ఏళ్ల తరువాత 2022 అంచనా 3,682.

మీ ఆలోచనలో నాకు కనిపించే అసలు లోపం వేరే ఉంది. లక్ష డాలర్లు ఇచ్చేవాడు కోరేది పొడవాటి కొమ్ములున్న ముసలి మగజంతువును. మన రైతు చేలో పడేది పిల్లలను వెంటేసుకుని వచ్చే ఆడపంది. దాని తలను గోడకు తగిలించుకోవడానికి ఎవడూ విమానమెక్కి రాడు. వేలంపాటకూ పంటనష్టానికీ లంకె కుదరదు.

ప్రశ్న: పలమనేరు వైపు ఏనుగులకు కుంకీలను తెచ్చారు. కుంకీ అంటే ఏనుగును చంపే ఏనుగా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, చిత్తూరు జిల్లా

జవాబు: కాదమ్మా. శిక్షణ పొందిన పెంపుడు ఏనుగును కుంకీ అంటారు. మావటి దాని మీద కూర్చుని, పొలాల్లోకి వచ్చిన అడవి ఏనుగుకు ఎదురు నిలబెట్టి, నెమ్మదిగా వెనక్కు మళ్లిస్తాడు. మత్తుమందు ఇచ్చి పట్టవలసి వస్తే పక్కన నిలబడి ఆసరా ఇస్తుంది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌కు కుంకీలను అప్పగించింది. మీ బడివాళ్లు అడిగితే శిబిరం దూరం నుంచి చూపించవచ్చు.

ప్రశ్న: నేను పనిచేసే పెంటలో (అడవిలోని గూడెంలో) పిల్లలందరూ చెంచులు. ఫరహాబాద్ గేటు నుంచి సఫారీ జీపులు లోపలికి పోతుంటే చూస్తుంటారు. వాళ్ల తండ్రులు తేనెకో గడ్డలకో పోతే మాత్రం ఎక్కడికని అడుగుతారు. డబ్బు కట్టినవాడికి దారి, అడవిలో పుట్టినవాడికి అడ్డు – దీనికి మీ జవాబు ఏమిటి?
– ఒక టీచరు, అమ్రాబాద్ మండలం

జవాబు: ఈ ఉత్తరానికి నేను ఉద్యోగంలో ఉన్నప్పుడైతే చట్టం చూపించి తప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు చట్టాన్నే సరిగా చూపిస్తాను.

పర్యాటకుల సంగతి ముందు. పులుల రిజర్వుల నడిబొడ్డున ఉండే కోర్ ప్రాంతాలలో పర్యాటకం ఉండాలా వద్దా అన్న కేసులో సుప్రీంకోర్టు 2012 జులైలో దాన్ని తాత్కాలికంగా ఆపింది. అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చాక తిరిగి అనుమతించింది. వాటి ప్రకారం కోర్‌లో ఇరవై శాతానికి మించిన ప్రాంతాన్ని పర్యాటకానికి వాడకూడదు. అంటే జీపుకు ఉన్నది హక్కు కాదు, డబ్బు కట్టి తీసుకున్న అనుమతి. రేపు వద్దంటే పోతుంది.

చెంచులకు ఉన్నది హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, గడ్డలు, జిగురు వంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం ఇచ్చింది. చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మీద ప్రత్యేకంగా హక్కు చెప్పింది. అదే చట్టం ఒక్క సంప్రదాయాన్ని మాత్రం పేరు పెట్టి మినహాయించింది: వన్యప్రాణులను వేటాడటం, ఉచ్చులు పెట్టడం. ఈ మినహాయింపును చెంచు పెద్దల ముందు చదివి వినిపించినప్పుడు వారు వాదించలేదు. బైకు క్లచ్ తీగతో ఉచ్చు వేసేది బయటినుంచి వచ్చేవాళ్లని చెప్పి, ఏ వాగు మలుపులో వేస్తారో కూడా చెప్పారు. మా బేస్‌క్యాంపులలో వాచర్లుగా ఉన్నది కూడా వాళ్లే. ఒకసారి అడుగుజాడ పక్కన మోకాలి మీద కూర్చున్న వాచరు, గడ్డిపరక మీది మంచు చెదిరిన తీరు చూసి, పులి మేము రాకముందు గంట లోపలే పోయిందన్నాడు. కెమెరాలో టైము అతను చెప్పినదానికి పావుగంట తేడాలో ఉంది.

వారిని సంప్రదించకుండా నిర్ణయాలు చేస్తే ఏమవుతుందో పోయినేడు చూశాం. 2025 మే 30న కవ్వాల్ పులుల రిజర్వుకూ మహారాష్ట్రలోని తాడోబా రిజర్వుకూ మధ్య కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వును ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. పులి నడిచే దారికి రక్షణ కావాలన్నది సరైన ఆలోచనే గాని, గూడేలలో మా మాటేమిటని ఆందోళన రేగి, జులైలో ఆ జీవోను నిలిపివేయవలసి వచ్చింది.

మీ పెంటకు నేను చెప్పగలిగినది ఇది. గ్రామసభ పెట్టించి అటవీ హక్కుల కమిటీ పుస్తకం తెరిపించండి. సాగు చేసుకుంటున్న భూమికి ‘ఎ’ ఫారం, తేనె, గడ్డల వంటి సామూహిక హక్కులకు ‘బి’ ఫారం, అడవి వనరు మొత్తానికి ‘సి’ ఫారం. ఏ గుట్టకు తేనెకు పోతారో, ఏ వాగులో చేపలు పడతారో పెద్దలు చెబుతుండగా పిల్లల చేత పటం గీయించి జతచేయండి. దరఖాస్తు ఇచ్చిన రోజునే తేదీ వేసిన రశీదు తీసుకోండి.